హాస్టల్లో ఇంటర్ చదివే పిల్లల మనసు కనిపెట్టుకోవడం ఎలా

జూన్ వచ్చిందంటే పెట్టె, పరుపు, బకెట్టు, ఆవకాయ సీసా సర్దుకుని పిల్లల్ని రెసిడెన్షియల్ కాలేజీలో దింపి వస్తాం. కావాల్సినవన్నీ చీటీ రాసుకుని మరీ కొంటాం. కానీ పిల్లకి మనసు బాగాలేని రోజున మనకెలా తెలుస్తుందన్న సంగతి ఆ చీటీలో ఉండదు. వయసు చూస్తే పదిహేనో పదహారో. తెల్లారకముందే మొదలై రాత్రి పది దాకా స్టడీ అవర్స్, వారం వారం టెస్టు, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. ఇంట్లో ఉంటే కంచం ముందు కూర్చున్న తీరు చూసే అమ్మ పసిగట్టేది. హాస్టల్లో ఆ చూపు ఉండదు. పది నిమిషాల ఫోను, నెలకో ఔటింగ్ మాత్రమే చేతిలో ఉన్నప్పుడు ఆ లోటు ఎలా పూడ్చుకోవాలి, ఏ గుర్తు కనపడితే ఇక ఆగకూడదు అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నది.

చేర్చే ముందు అడగాల్సినవి

ఫీజు, ర్యాంకులు, ఏసీ గది గురించి అందరూ అడుగుతారు. వాటితో పాటు ఇవీ అడగండి. కౌన్సిలర్ ఉన్నారా, వారంలో ఎన్ని రోజులు వస్తారు, పాఠం చెప్పే లెక్చరరే ఆ పనీ చేస్తున్నారా? మార్కులు వేసే మనిషి ముందు ఏ పిల్లా నోరు విప్పదు కాబట్టి ఆ రెండు పనులూ ఒకరివే అయితే కౌన్సిలర్ లేనట్టే లెక్క. రాత్రి పూట ఫ్లోర్‌లో పెద్దవాళ్లు ఎవరుంటారు? జ్వరమొస్తే సిక్ రూమ్‌లో ఒంటరిగా వదిలేస్తారా, ఎవరైనా కూర్చుంటారా? టెస్టు మార్కులు నోటీసు బోర్డు మీద పెడతారా? మనం ఫోన్ చేస్తే ఎంతసేపట్లో పిల్లను పిలుస్తారు?

ఇలా అడగడం మీ హక్కు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలు శిక్షణ పొందిన కౌన్సిలర్‌నో సైకాలజిస్టునో కనీసం ఒక్కరినైనా పెట్టుకోవాలని అందులో ఉంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం మానుకోవాలని కూడా ఉంది. అడ్మిషన్ కౌంటర్‌లో ఈ మాట ఎత్తితే వచ్చే జవాబును బట్టే ఆ కాలేజీ సంగతి సగం తెలిసిపోతుంది.

మొదటి ఆరు వారాలు

ఇంటి మీద బెంగ జబ్బు కాదు. అన్నం సయించకపోవడం, రాత్రిళ్లు ఏడవడం, ఫోన్‌లో "వచ్చి తీసుకెళ్లు" అనడం చాలామందిలో ఉండేవే. కొత్త చోటు అలవాటయ్యే కొద్దీ తగ్గుతాయి. ఇక్కడ తల్లిదండ్రులు రెండు రకాలుగా పొరపడతారు. కొందరు దింపేటప్పుడే "నచ్చకపోతే చెప్పు, వెంటనే వచ్చి తీసుకెళ్తా" అని మాటిస్తారు. అప్పట్నుంచి పిల్లాడు అలవాటు పడే ప్రయత్నం మాని, ఆ కారు కోసమే ఎదురుచూస్తాడు. తీసుకెళ్లకపోతే మాట తప్పారని కూడా బాధపడతాడు. ఇంకొందరు "అందరూ ఉంటున్నారు, నీకేం వచ్చింది" అని నోరు నొక్కేస్తారు. ఆ తర్వాత ఎంత కష్టమొచ్చినా మనదాకా రాదు.

ఈ రెండూ కాకుండా గడువు పెట్టుకోండి. "దసరా సెలవుల దాకా చూద్దాం. అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటికీ నీవల్ల కాదనిపిస్తే డే స్కాలర్‌గా మార్పించే దారి చూస్తాను." ఒకసారి చెప్పాక గడువును మీరూ మరిచిపోవద్దు. ఎవరైనా కొడుతున్నా, వేధిస్తున్నా, తనను తాను గాయపరుచుకుంటున్నా ఈ గడువు వర్తించదని కూడా అదే రోజు చెప్పండి. అలాంటప్పుడు అర్ధరాత్రయినా బయల్దేరి వెళ్లాల్సిందే.

ఆరు వారాలు దాటాక బెంగ తగ్గకపోగా పెరుగుతుంటే దాన్ని ఇంటి బెంగగా తీసిపారేయొద్దు.

పది నిమిషాల ఫోన్

చాలా హాస్టళ్లలో పిల్లలు మాట్లాడేది ఫ్లోర్ ఇన్‌చార్జ్ ఫోన్‌లోనే. పక్కన ఆయన నిలబడి ఉంటాడు, వెనక ఇరవై మంది క్యూలో ఉంటారు. "బాగానే ఉన్నాను" అనకుండా ఇంకేమంటారు? అందుకే దింపే ముందే ఇద్దరికీ మాత్రమే తెలిసిన గుర్తు మాట ఒకటి పెట్టుకోండి. ఎవరు విన్నా మామూలు మాటలాగే అనిపించాలి. ఉదాహరణకి:

"నాన్నా, తాతయ్య కళ్లజోడు దొరికిందా?"

"దొరికింది తల్లీ. రేపు పొద్దున్నే పట్టుకొస్తా."

మొదటి మాటకి అర్థం, నేనిక్కడ నోరు విప్పలేను, నువ్వు రావాలి. రెండో మాటకి అర్థం, తెలిసింది, వస్తున్నా. ఈ ఏర్పాటు పని చేయాలంటే షరతు ఒక్కటే. ఆ మాట వచ్చిన మర్నాటికల్లా వెళ్లాలి, వెళ్లాక "ఇంతోటి దానికా పిలిచావు" అని ఒక్కసారి కూడా అనకూడదు. అన్నారంటే ఆ గుర్తు మళ్లీ ఎప్పటికీ రాదు.

ఇక ఆ పది నిమిషాల్లో ఏం అడగాలి? ముందు మార్కులు అడిగితే మిగతా తొమ్మిది నిమిషాలూ మార్కులే. "ఎలా ఉన్నావు" అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. చిన్న చిన్నవి అడగండి: ఈరోజు మెస్సులో ఏం వండారు, తిన్నావా, పక్కనెవరు కూర్చున్నారు, రాత్రి ఎన్నింటికి నిద్ర పట్టింది, ఈ వారం ఎప్పుడైనా గట్టిగా నవ్వావా? పోయిన వారం పక్కన కూర్చున్న స్నేహితురాలి పేరు ఈ వారం రాకపోతే, ఆ పేరుతోనే అడగండి. ఫోన్ పెట్టేశాక రెండు మాటలు డైరీలో రాసుకోండి: నిద్ర, తిండి, స్నేహితుల పేర్లు, గొంతు. నాలుగు వారాలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్క కాల్‌లో తెలియనిది అప్పుడు తెలుస్తుంది. రేపు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చినా ఆ కాగితమే అక్కరకొస్తుంది.

ఫీజు మాట ఫోన్‌లో ఎత్తకండి. "నీకోసం రెండు లక్షలు కట్టాం" అన్న మాటను పిల్లలు అప్పుగా రాసుకుంటారు. ప్రతి టెస్టుకీ ఆ అప్పు పెరిగినట్టే అనుకుంటారు. వాళ్లే ఎత్తితే చెప్పాల్సింది ఇంతే: "ఫీజు సంగతి నేను చూసుకుంటా. అది నీ లెక్క కాదు."

ఔటింగ్ రోజు

ఉన్నది ఒక్క రోజు. ఆ రోజునే గుడికి, మేనమామ గారింటికి, బట్టల షాపుకి తిప్పి, సాయంత్రం మార్కుల లిస్టు ముందేసుకుని కూర్చుంటే పిల్ల వెళ్లేటప్పటికి ఇంకా అలసిపోతుంది. ముందు పడుకోనివ్వండి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. హాస్టల్లో చాలామందికి అది దొరకదు. అలాగని మధ్యాహ్నం దాకా పడుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టదు, రోజూ లేచే వేళ కంటే రెండు గంటలు ఎక్కువ చాలు.

మాటలు రావాలంటే ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగొద్దు. పక్కపక్కన నడుస్తున్నప్పుడు, బండి మీద వెళ్తున్నప్పుడు, చిక్కుడుకాయలు వలుస్తున్నప్పుడు పిల్లలు వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు. మొదలుపెట్టాక మధ్యలో సలహా ఇవ్వకండి. "ఊఁ... తర్వాత?" అనండి, చాలు.

"చదవలేకపోతున్నాను" అన్న రోజున

చాలా ఇళ్లలో దారి తప్పేది ఈ మాట దగ్గరే. వెంటనే "కాన్సన్‌ట్రేట్ చెయ్, నీకు తెలివి లేక కాదు" అనేస్తాం. ఆ మాట ధైర్యం చెప్పినట్టే ఉంటుంది. పిల్లకి మాత్రం, నా మాట నమ్మలేదు అని వినపడుతుంది. ముందు విన్నదాన్నే తిరిగి చెప్పండి: "పుస్తకం ముందు కూర్చున్నా బుర్రకెక్కడం లేదంటావు. ఎప్పట్నుంచి ఇలా ఉంది?" ఎప్పట్నుంచి అన్న ప్రశ్నకి జవాబు చాలా ముఖ్యం.

బద్ధకానికీ డిప్రెషన్‌కీ తేడా తెలుసుకోవడానికి రెండు కొలతలున్నాయి. ఒకటి, కాలం: రెండు వారాలకి పైగా, రోజులో ఎక్కువ భాగం అలాగే ఉంటోందా? రెండు, ఇష్టాలు: బద్ధకమైతే చదువు మాత్రమే వద్దనిపిస్తుంది, క్రికెట్టూ సినిమా పాటలూ కావాలనిపిస్తాయి. డిప్రెషన్‌లో ఒకప్పుడు ప్రాణంగా చూసుకున్నవి కూడా రుచించవు. వీటికి తోడు నిద్ర, ఆకలి మారడం, ఊరికే ఏడుపు రావడం, నేనెందుకూ పనికిరాను అనడం. ఈ వయసులో దిగులు చాలాసార్లు దిగులులా కనపడదు. చిరాకుగా, ఎదురు తిరగడంగా, తలుపు విసిరి కొట్టడంగా కనపడుతుంది. "పొగరెక్కింది" అని తిట్టి వదిలేసేది ఇక్కడే.

పదే పదే కడుపునొప్పి, తలనొప్పి అంటున్నా, ఎప్పుడూ నీరసమే అంటున్నా నాటకం అనుకోవద్దు. ముందు రక్తపరీక్ష చేయించండి. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం కూడా మనిషిని ఇలాగే కుంగదీస్తాయి. ఆడపిల్లల్లో నెలసరి తప్పుతోందా, ఎక్కువ పోతోందా అన్నది అమ్మ నేరుగా అడగాలి. పరీక్షల్లో ఏమీ లేకపోతే నొప్పి అబద్ధమని కాదు. మనసుకి పడిన బరువు ఒంట్లో నొప్పిగా బయటపడుతూ ఉండొచ్చు.

పరీక్ష హాల్లో గుండె దడ

కొందరికి ప్రశ్నపత్రం చూడగానే గుండె దడదడలాడుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఊపిరాడదు, చచ్చిపోతానేమో అనిపిస్తుంది. మొదటిసారి ఇలా జరిగితే డాక్టరుకి చూపించి ఉబ్బసం, గుండె, థైరాయిడ్ సమస్యలు లేవని తేల్చుకోండి. అవేవీ లేకపోతే అది పానిక్ ఎటాక్. సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఈ సంగతి పిల్లకి ముందే తెలిస్తే సగం భయం పోతుంది.

భయంలో ఊపిరి వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, తిమ్మిరి, కళ్లు తిరగడం దానివల్లే. అందుకే "గట్టిగా ఊపిరి పీల్చు" అంటే ఇంకా ఎక్కువవుతుంది. పీల్చడం చిన్నగా, వదలడం పొడుగ్గా ఉండాలి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదలాలి. ఐదు నిమిషాలు. మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు రోజుకి రెండుసార్లు సాధన చేయించండి. ఈత నేర్చుకోనివాడిని వరదలో దింపినట్టు, మొదటిసారి పరీక్ష హాల్లోనే చెయ్యమంటే కుదరదు.

ఇక ఆగకూడని గుర్తులు

"నావల్ల మీకందరికీ భారం", "నేను లేకపోతే మీరు హాయిగా ఉంటారు" అనడం. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం. చెప్పాపెట్టకుండా అందరికీ క్షమాపణలు చెప్పడం. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పకపోవడం (చేతి మీది గాయాలు దాచుకోవడానికి కావచ్చు). చాలా రోజుల దిగులు తర్వాత ఉన్నట్టుండి ప్రశాంతంగా మారిపోవడం. మంచి మార్కులొచ్చే పిల్లల్లోనూ ఇవి ఉంటాయి. 98 శాతం నుంచి 90కి దిగితే లోకం మునిగిందనుకునే పిల్లలు ముందు బెంచీలోనే ఉంటారు, వాళ్ల మీద ఎవరికీ అనుమానం రాదు.

ఇలాంటివి కనపడితే:

1. నేరుగా అడగండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా కన్నా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినందువల్ల ఆ ఆలోచన రాదు, ఉంటే బయటికి చెప్పుకునే వీలు దొరుకుతుంది. "పిచ్చి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నలోనే లేవు అనాలన్న జవాబు ఉంది.

2. అవును అంటే అరవకండి, ఏడవకండి, ఒట్టు వేయించుకోకండి. "చెప్పి మంచి పని చేశావు. ఇప్పుడు నువ్వు ఒక్కదానివి కాదు" అనండి. ఎలా చేసుకోవాలో ఆలోచించిందా, ఎప్పుడని అనుకుందా అని అడగండి. అవునన్న కొద్దీ ప్రమాదం దగ్గరగా ఉన్నట్టు.

3. ఒంటరిగా వదలొద్దు. హాస్టల్లో ఉంటే మీరు చేరేదాకా పెద్దవాళ్లెవరైనా పక్కనే ఉండాలని ప్రిన్సిపల్‌తో చెప్పి, అదే మాట మెసేజ్‌లోనూ రాయండి.

4. ఇంట్లో పురుగుమందులు, కలుపుమందులు, అమ్మమ్మ బీపీ, షుగర్ మాత్రలతో సహా మందులన్నీ తాళం వేసి పెట్టండి. వ్యవసాయం ఉన్న ఇంట్లో పురుగుమందు ఇంటి నుంచే తీసేసి వేరే చోట పెట్టించడం ఇంకా మంచిది. ఆ ఆలోచన అలలాంటిది, చాలాసార్లు కొద్దిసేపట్లో దాటిపోతుంది. ఆ కాసేపు ప్రమాదకరమైనది చేతికి అందకపోవడమే ప్రాణం నిలబెడుతుంది.

5. టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. పిల్లే చేయక్కర్లేదు, ఏం చేయాలో తోచని అమ్మానాన్నలు కూడా చేయొచ్చు. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే ఆలస్యం లేకుండా 108.

కేసవుతుందేమోనని ఆసుపత్రిలో నిజం దాచేవాళ్లున్నారు. ఏం మింగిందో తెలియక వైద్యం ఆలస్యమవుతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు. డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పండి, ఖాళీ డబ్బా దొరికితే వెంట తీసుకెళ్లండి.

డాక్టరు దగ్గర

కౌన్సిలర్, క్లినికల్ సైకాలజిస్టు మాటలతో వైద్యం చేస్తారు, మందులు రాయరు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందే కనుక్కోండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. "పిచ్చాసుపత్రికి తీసుకెళ్తున్నాం" అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. ముందు మీరు చెప్పేది చెప్పి, తర్వాత బయట కూర్చోండి. పిల్ల డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలి.

డిప్రెషన్ మందు జ్వరం బిళ్లలాగా పూటలో పని చేయదు. బాగా తేడా కనపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. మొదటి వారాల్లో కొందరు పిల్లల్లో అలజడి, చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు కాబట్టి అప్పుడే ఎక్కువ కనిపెట్టి ఉండాలి, తేడా అనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. రెండు వారాలకే "పని చేయట్లేదు" అని, రెండు నెలలకే "బాగైపోయింది" అని సొంతంగా ఆపేయడం, మందులు విఫలమైనట్టు కనపడటానికి పెద్ద కారణాలు ఈ రెండే.

రిజల్ట్స్ రోజు

తేదీ చెప్పగానే, అంటే ఫలితం రాకముందే, ఈ మాట చెప్పాలి: "ఏమొచ్చినా ఆ పూట మనం కలిసే అన్నం తింటాం." వచ్చాక చెబితే ఓదార్పు కింద జమ కడతారు. హాల్‌టికెట్ నంబరు బాబాయిలకీ, పిన్నులకీ ఇవ్వొద్దు. మన కంటే ముందు వాళ్లే చూసి ఫోన్ చేస్తారు. పెద్దవాళ్లలో ఒకరు ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండాలి, ఫలితం బాగా లేకపోతే తర్వాత నాలుగైదు రోజులు కూడా. బంధువుల ఫోన్లు మీరే తీయండి: "చూసుకున్నామండీ, మేమే చేస్తాం" అని పెట్టేయండి. పక్కింటి పిల్లాడి మార్కులు ఆ వారం మీ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు.

తప్పితే ఆ రోజు ఏమీ తేల్చొద్దు. మర్నాడు కాగితం మీద రాయండి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి ఫీజు కట్టే గడువు ఫలితాల తర్వాత కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి ముందు ఆ తేదీ. తర్వాత రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ తేదీలు. మార్కులు మరీ నమ్మలేనట్టుంటే రీవెరిఫికేషన్‌కి తప్పకుండా పెట్టండి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగుకి సున్నా పడిన ఒక అమ్మాయికి తిరిగి చూస్తే 99 వచ్చాయి. పాసైనా మార్కులు చాలవనుకునే ఫస్టియర్ పిల్లలు సప్లిమెంటరీతో పాటే ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవచ్చు. ఎన్ని సబ్జెక్టులు రాయాలన్నది పిల్లనే నిర్ణయించుకోనివ్వండి, అన్నీ నెత్తిన వేసుకుంటే ఉన్న కొద్ది వారాలూ చాలవు.

కాలేజీతో పేచీ వస్తే

కొట్టినా, నలుగురిలో అవమానించినా, ఫోన్ ఇవ్వకపోయినా ముందు ప్రిన్సిపల్‌కి తేదీ వేసి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. కదలిక లేకపోతే జిల్లా ఇంటర్ విద్యాధికారికి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు కాబట్టి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కీ చేయొచ్చు. పిల్ల ఇంకా ఆ హాస్టల్లోనే ఉండగా ఫిర్యాదు ఇస్తే ఆ కోపం పిల్ల మీదే చూపించవచ్చు. ముందు నాలుగు రోజులు ఇంటికి తెచ్చుకుని, తర్వాత ఇవ్వండి.

మళ్లీ పంపేటప్పుడు

ఇంటికి తెచ్చుకున్న పిల్లను తిరిగి పంపాలా వద్దా అన్నది డాక్టరు, పిల్ల, మీరు ముగ్గురూ కలిసి తేల్చుకోవాల్సింది, ఫీజు కట్టిన రసీదు చూసి కాదు. పంపాలనుకుంటే మొదటి వారం సగం రోజే క్లాసులకి, రాత్రి స్టడీ అవర్స్ లేకుండా పంపేలా కాలేజీని అడగండి. మందులు వాడుతుంటే ఏ పూట ఏది వేసుకోవాలో కాగితం రాసి, వారానికి సరిపడా మాత్రమే వార్డెన్ చేతికివ్వండి, పెట్టెలో పెట్టి పంపొద్దు. మొదటి రెండు వారాలు రోజూ ఒకే వేళకి ఫోన్ చేయించాలని ముందే ఒప్పించుకోండి. డాక్టరు రమ్మన్న తేదీని టెస్టుల షెడ్యూలు చూసి మార్చొద్దు. ఆ రోజుకి ఔటింగ్ కావాలని వెళ్లేటప్పుడే లెటర్ ఇచ్చి రండి.